మిగిలిన నీళ్లు తీసుకుని రండి

కళాకారులు పదిమంది ఒకచోట చేరి ప్రకృతి గురించీ, ఉనికి గురించీ మాట్లాడుకోవడం ఈమధ్య బాగా కనిపిస్తోంది. మంచిదే. చిక్కేమిటంటే చాలాసార్లు మాట నేలకు దిగదు. భూమాత, సమతౌల్యం, అనుబంధం అంటూ రెండు గంటలు గడుస్తాయి. తర్వాత టీ, గ్రూప్ ఫోటో, ఎవరి దారి వాళ్లది. ఇలాంటి కూడికకు ఒక్క షరతు పెట్టి చూడండి: పూర్తయిన బొమ్మ ఎవరూ తేకూడదు. తమ పనిలోకి వచ్చే ముడిసరుకు ఒకటి, పని అయ్యాక పారబోసేది ఒకటి తేవాలి. అద్దకం పనివాళ్లు సీసాలో గుడ్డ జాడించిన నీళ్లు, కొయ్యబొమ్మల వాళ్లు కాస్త పొట్టు, తైలవర్ణాల వాళ్లు కుంచెలు కడిగిన టర్పెంటైన్. కంప్యూటర్ మీద బొమ్మలు గీసేవాళ్లు తప్పించుకోవాలని చూస్తారు. వాళ్లను కరెంటు బిల్లు తెమ్మనండి.

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. ఇరవై దాటితే అది సభ అవుతుంది, మైకు వస్తుంది, మైకు వెనక ఒక పెద్దమనిషి వస్తాడు. మూడు గంటలు పెట్టుకోండి. నేల మీద రెండు మీటర్ల ఖాకీ కాగితం పరిచి, తెచ్చిన సరుకంతా దాని మీద పెట్టాలి. మొదటి గంటలో వ్యాఖ్యానాలు వద్దు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మూడు ప్రశ్నలు: ఇది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది, నా దగ్గర్నుంచి ఎక్కడికి పోతోంది. సరుకు పక్కనే గీత గీస్తూ రాయాలి. జవాబు తెలియనిచోట ఎర్ర స్కెచ్‌తో సున్నా చుట్టాలి. ఎర్ర సున్నాలు ఎక్కువగా మూడో ప్రశ్న దగ్గరే పడతాయి. సరుకు కొన్నచోటు అందరికీ గుర్తుంటుంది, పారబోసిన చోటు గుర్తుండదు.

ఇంకో మాట. కర్ర కొట్టి తెచ్చే మనిషినీ, గుడ్డ ఉతికే మనిషినీ పిలవకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. పిలిస్తే ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీలు ఇచ్చి పిలవాలి. ఊరికే రమ్మంటే వాళ్లకు ఒక రోజు సంపాదన పోతుంది. మొదట వాళ్లతోనే చెప్పించాలి. పేరున్న కళాకారుడు ముందు మాట్లాడితే మిగతావాళ్లు తల ఊపడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఇక ఉదాహరణకు శ్రీకాళహస్తి కలంకారీనే, అంటే కలంతో గుడ్డ మీద బొమ్మ గీసి రంగులద్దే పనినే తీసుకుందాం. దీన్ని ఎంచుకోవడానికి కారణం, ఇందులో ప్రతి దశా నీళ్లలోకి దిగి లేస్తుంది కాబట్టి.

ముడి గుడ్డను ముందు గంజి పోయేదాకా ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడి, పచ్చి గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. కిలో గుడ్డకు 100 నుంచి 150 గ్రాముల పొడి, ఒక లీటరు పాలు, గుడ్డంతా తడిసేందుకు సరిపడా నీళ్లు అనుకుంటే మొదలుపెట్టవచ్చు. చేతివాటాన్ని బట్టి ఇంటింటికీ ఇది మారుతుంది. కరక్కాయలోని వగరు నల్లరంగును పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు ఆ రంగు పాకిపోకుండా ఆపుతుంది. పాలు తక్కువైతే గీత మీసం మొలిచినట్టు పక్కలకు పాకుతుంది. ఎక్కువైతే గుడ్డ జిడ్డుగా తయారై, వాసన కొట్టి, నిల్వలో పురుగు పడుతుంది. 'పూర్తిగా చెట్ల రంగులే' అని సగర్వంగా చెప్పుకునేవాళ్లు ఈ లీటరు పాలు ఇచ్చిన గేదెను తరచూ మరిచిపోతారు. కాగితం మీద దానికీ ఒక చోటు ఇవ్వాలి. గేదెపాలు వద్దనుకునేవాళ్లు సోయాపాలతో ప్రయత్నించవచ్చు. సహజరంగుల పనిలో ఆ పద్ధతీ ఉంది.

నల్లరంగును కసిం అంటారు. పది లీటర్ల నీళ్లకు కిలో బెల్లం, కిలో తుప్పు ఇనుము వేసి, రెండు మూడు వారాలు ఊరబెడతారు. మూత బిగించకూడదు, లోపల గాలి పుడుతుంది. బెల్లం పులిసి పుల్లబడుతుంది, ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. జింకు పూత వేసిన మేకులు, రంగు వేసిన రేకు ముక్కలు వాడొద్దు. ఆ పూతలు కూడా కరిగి దిగుతాయి. నూనె అంటిన ఇనుమైతే ముందు ఎండుటాకుల మంటలో కాల్చి తీసుకోవాలి. తయారైందో లేదో తెలియాలంటే కరక్కాయ పట్టించిన గుడ్డపీలిక మీద ఒక చుక్క వేయండి. వెంటనే నల్లబడితే తయారైనట్టు. బూడిదరంగు దగ్గరే ఆగితే ఇంకో నాలుగు రోజులు ఆగాలి. సన్నటి గుడ్డలో రెండుసార్లు వడకట్టకపోతే కలం చుట్టూ చుట్టిన గుడ్డలో నలక చేరి, గీత మధ్యలో తెగుతుంది.

ఉనికి గురించి మాట్లాడాలనుకుంటే ఇక్కడ మాట్లాడాలి. బొమ్మకు ప్రాణమిచ్చే ఆ నల్లగీతే కాలం గడిచేకొద్దీ గుడ్డను తినేస్తుంది. ఇనుము, దానితోపాటు వచ్చే పులుపు కలిసి నూలు పోగును పెళుసుగా మారుస్తాయి. మన తూర్పుతీరంలో, అంటే కోరమాండల్‌లో చేసిన పాత అద్దకపు గుడ్డల్లో ఎరుపు చెక్కుచెదరకుండా ఉండి, నల్లటి అంచులు మాత్రం రాలిపోయి కన్నాలు పడ్డవి ఉన్నాయి. అంటే కసిం చిక్కగా చేస్తున్న ప్రతిసారీ ఈ గుడ్డ ఎన్నాళ్లు బతకాలో కూడా మనమే నిర్ణయిస్తున్నాం, తెలియకుండానే. ఇనుము మోతాదు తగ్గించి, పీలిక మీద చూసుకుని, నల్లరంగు ఆరాక బాగా జాడిస్తే ఆయుష్షు పెరుగుతుంది. కూర్చున్నవాళ్లందరినీ ఈ ప్రశ్న అడగాలి: నీ పని ఎన్నేళ్లు ఉండాలి? వందేళ్లు అన్నవాళ్లూ, తొమ్మిది రోజులు చాలన్నవాళ్లూ వాడే సరుకు ఒకటే అయితే, ఇద్దరిలో ఒకరు లెక్క తప్పినట్టే.

వినాయకుడి విగ్రహం ఆ తొమ్మిది రోజుల కోవలోది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లు తగలగానే గట్టిపడి జిప్సం అవుతుంది, చెరువులో వేస్తే మట్టిలా విడిపోదు. నిమజ్జనాల మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో మార్గదర్శకాలు ఇచ్చి, 2020లో వాటిని సవరించింది కూడా. మట్టి విగ్రహం అనగానే పుణ్యం మన ఖాతాలో పడిపోదు. దాని మీద ఎనామెల్ రంగు కొడితే మట్టి కరుగుతుంది, రంగు చెరువులోనే ఉంటుంది.

సరే, మళ్లీ గుడ్డ దగ్గరికి. ఎరుపు రావాల్సినచోట పటిక నీళ్లు పూస్తారు. అది ఆరి, గుడ్డకు పట్టేదాకా ఆగి, పారే నీళ్లలో జాడించి, చిరువేరు, మంజిష్ఠ, సురుడుచెక్క లాంటి ఎరుపునిచ్చే వేళ్లు, బెరళ్లు వేసి మరిగిస్తారు. చాలాచోట్ల ఇప్పుడు వేళ్ల బదులు ఫ్యాక్టరీలో తయారైన అలిజరిన్ అనే ఎర్రరంగు పొడి వాడుతున్నారు. వాడితే వాడామని చెప్పాలి, అంతే. పటిక పడిన చోట ఎరుపు నిలుస్తుంది, మిగతా గుడ్డ మీద తేలికగా అంటుకుని, తర్వాత పేడనీళ్లలో నానబెట్టి ఎండలో తడుపుతూ ఆరబెట్టినప్పుడు వదులుతుంది.

పారే నీళ్లే ఎందుకంటే, గుడ్డ మీద అదనంగా ఉన్న పటిక ఊడి పక్కనున్న తెల్లభాగం మీద కూర్చోకుండా కొట్టుకుపోవాలి. నిలవ నీళ్లలో ముంచి వదిలేస్తే తెలుపు మీద గులాబీ మచ్చలు తేలతాయి, అవి మళ్లీ పోవు. శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి వానాకాలపు నది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. కాబట్టి టబ్బులో జాడించక తప్పని రోజులు ఎక్కువ. అప్పుడు గుడ్డను మడత లేకుండా పూర్తిగా విప్పి, ఆపకుండా కదిలిస్తూ ఉండాలి. మొదటి నీళ్లలో కాస్త ఆవుపేడ కలిపి వడకట్టి పోస్తే వదులుగా ఉన్న పటికను అది పట్టుకుంటుంది. ఒకప్పుడు ఐరోపా అద్దకం మిల్లులు కూడా ఇదే పనికి పేడనే వాడాయి.

బోరు నీళ్లయితే ముందు ఒక పరీక్ష. గాజు గ్లాసులో నీళ్లు పోసి కరక్కాయ కషాయం ఒక చెంచా వేయండి. కాసేపట్లో నీలి బూడిదరంగు తిరిగితే అందులో ఇనుము ఉంది. ఆ నీళ్లతో ఎరుపు ఎంత మరిగించినా ఇటుకరంగు దగ్గర మసకబారి ఆగుతుంది. తప్పు వేళ్లది అనుకుని ఇంకో అరకిలో వేళ్లు తగలేస్తారు. అదే సున్నపు గుణం ఉన్న నీళ్లయితే ఎరుపుకు మేలే. ఈ వేళ్లలోని రంగు పటికతోపాటు కాల్షియాన్ని కూడా కోరుకుంటుంది.

ఎన్ని నీళ్లు? గంజి తీయడం, నలుపు, పటిక, ఎరుపు, పేడ, పసుపురంగు అని లెక్కేస్తే ఆరు దశలు. దశకు మూడు జాడింపులు, కిలో గుడ్డకు జాడింపుకు 25 లీటర్లు వేసుకుంటే 450 లీటర్లు. మీ టబ్బు కొలిచి మీ అంకె వేసుకోండి. తగ్గించే దారి పాతదే: ఈ రోజు మూడో జాడింపు నీళ్లు రేపటి గుడ్డకు మొదటి జాడింపు. ఒక్క నియమం, ఇనుము తగిలిన నీళ్లు, పటిక తగిలిన నీళ్లు ఎన్నడూ ఒకే డ్రమ్ములో పడకూడదు. పడితే ఆ డ్రమ్ము ఇక ఎరుపుకు పనికిరాదు.

కట్టెల లెక్క కూడా కాగితం మీదికి రావాలి. యాభై లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి మరిగేదాకా రావడానికి సుమారు 15 మెగాజౌళ్ల వేడి కావాలి. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడిలో ఆరో వంతు కూడా గిన్నెకు అందదు. కాబట్టి ఒక్క మరుగుకే ఆరేడు కిలోల కట్టె పోతుంది, ఆపైన మరుగుతూ ఉండడానికి వేరే. పొయ్యి చుట్టూ మట్టిగోడ కట్టి, గిన్నెకు మూత వేస్తే ఇందులో చాలా మిగులుతుంది. రంగుల గురించి అరగంట వాదించేవాళ్లు మూత గురించి మాట్లాడకపోవడం విచిత్రం.

పారబోసే నీళ్లను బాగుచేయడం కష్టమేమీ కాదు. పటిక నీళ్లు పుల్లగా ఉంటాయి. అలాగే కాలవలో పోస్తే చేపలకు హాని. బకెట్‌లో పట్టి, పొడి సున్నం నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పోస్తూ, పులుపు ఎంతుందో చూపే పీహెచ్ పట్టీతో చూడాలి. ఉదాహరణకు 150 గ్రాముల పటిక మొత్తం నీళ్లలోనే ఉండిపోయినా సున్నం 35 గ్రాములు దాటదు. సగం గుడ్డకే అంటుకుని ఉంటుంది కనుక నిజానికి ఇంకా తక్కువే పడుతుంది. పులుపు పూర్తిగా విరిగే పీహెచ్ 7 దగ్గర ఆపేయండి. మంచిదని ఇంకో గుప్పెడు వేస్తే తొమ్మిది దాటిపోతుంది, అప్పుడు అడుక్కు దిగిన అల్యూమినియం మళ్లీ కరిగి నీళ్లలోకి వచ్చేస్తుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లటి జావలాంటిది అడుగున చేరుతుంది. పైనీళ్లు తేర్చి నేల కడగడానికో, మరో గుడ్డ గంజి తీయడానికో వాడవచ్చు.

రంగు మరిగించగా మిగిలిన ఎర్రనీళ్లయితే ఇంకా నయం, వాటిలోంచి చిత్రకారుడికి పొడిరంగు వస్తుంది. లీటరు నీళ్లు వడకట్టి, వేడిగా ఉండగానే 10 గ్రాముల పటిక కరిగించాలి. వేరే గిన్నెలో బట్టల సోడా కరిగించి సన్నటి ధారగా పోయాలి: నీరులేని సోడా పొడి అయితే 3 నుంచి 4 గ్రాములు, పలుకుల్లా ఉండేదైతే 9 దాకా. నురగ బాగా పొంగుతుంది, కాబట్టి పాత్ర లీటరుకు మూడింతలు ఉండాలి. ఒకేసారి గుమ్మరిస్తే సగం రంగు గట్టు మీదే. తేరిన ఎర్రముద్దను గుడ్డలో వడకట్టి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, తుమ్మజిగురుతో నూరితే కాగితం మీద వాడుకోవచ్చు. కడగకపోతే ఆరాక తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. అద్దకం మనిషి పారబోసేది చిత్రకారుడి పెట్టెలోకి చేరడం, పదిమంది కలిసి కూర్చోవడం వల్ల వచ్చే అసలు లాభాల్లో ఒకటి. ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఈ సంగతి తోచదు.

గుడ్డ జాడించే నీళ్లలో నిలబడేది ఎవరు? గీసినవాళ్ల పేరు గుడ్డ మూలన ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో పూటల తరబడి ఉతికినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. న్యూయార్క్ కళాకారిణి మియెర్లె లాడెర్మన్ యూకెలెస్ 1969లోనే ఒక ప్రకటన రాసి, కడగడం, తుడవడం, బాగుచేయడం కూడా కళే అని వాదించింది. 1979, 80ల్లో ఆ నగరంలోని సుమారు 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులను ఒక్కొక్కరినీ కలిసి, కరచాలనం చేసి, నగరాన్ని బతికిస్తున్నందుకు ధన్యవాదాలు చెప్పింది. ఆమె పనిలో నాకు నచ్చేది ఆ ధన్యవాదం కన్నా ఆ ఎనిమిదిన్నర వేలు. ఒక్కరినీ వదలకుండా లెక్క పెట్టింది. మన కూడికల్లో కృతజ్ఞత ఎక్కువ, లెక్క తక్కువ. ఉతికేవాళ్లకు నడుము ఎత్తు గట్టు ఒకటి కట్టిస్తే నడుము వంచే పని తగ్గుతుంది. సున్నం కలిపేటప్పుడు రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు కావాలి. రోజంతా తడిలో ఉన్న కాళ్ల వేళ్ల మధ్య పాసిపోతుంది. రెండు గంటలకోసారి బయటికొచ్చి ఆరబెట్టుకోవడానికి కూలీ కోయకూడదు. సంరక్షణ అనే పెద్దమాట ఇలాంటి చిల్లర ఖర్చులుగా మారకపోతే అది మాటగానే ఉంటుంది.

కర్ర సంగతి వేరు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర కావాలి. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి. రెండూ మెత్తటివే, కానీ రెండు చెట్ల కథా ఒకటి కాదు, చర్చల్లో మాత్రం రెండిటినీ ఒకే గాటన కడతారు.

అంకుడును నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. బొమ్మకు పెద్ద దుంగ అక్కర్లేదు, చేతిమణికట్టంత కొమ్మ చాలు. అందుకని చెట్టును వేళ్లతో పీకకుండా, నేలకు జానెడు ఎత్తున, నీరు నిలవకుండా ఏటవాలుగా, వానలకు ముందు కోసుకుంటే మోడు బతుకుతుంది. మొద్దు కత్తితో నాలుగైదు దెబ్బలు కొడితే బెరడు చీలి, చీలికలో నీరు చేరి మోడు కుళ్లుతుంది. చిగుళ్లు గుంపుగా వస్తాయి. రెండో ఏడు బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి తీసేయాలి, లేకపోతే అన్నీ పుల్లల్లాగే ఉండిపోతాయి. కర్ర తడి పూర్తిగా ఆరకముందే, కర్రను తిప్పుతూ చెక్కే లేత్ మీద పెడితే బొమ్మ చేశాక బీట వారుతుంది, లక్క పెచ్చులూడుతుంది. ఎండలో తొందరపెట్టి ఆరబెట్టినా కొసలు పగులుతాయి. నీడలో, కొసలకు మైనమో మట్టో పూసి ఆరనివ్వాలి. తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, వేరే పొయ్యి అవసరం లేదు. ఈ ఊరి బొమ్మలకు మళ్లీ చెట్ల రంగులు తేవడంలో సి.వి. రాజు గారు చేసిన పనికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నోట్లో పెట్టుకునే పిల్లల బొమ్మకు అది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

పొణికి అలా కాదు. అది అడవిలోంచే వస్తోంది, దొరకడం తగ్గుతోంది. తేలికగా ఉండడం వల్లే అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించడం కుదురుతుంది. ఆ పొట్టు మళ్లీ బొమ్మలోకే పోతుంది కాబట్టి వ్యర్థం తక్కువ. కర్ర వ్యర్థం తక్కువే కానీ, చెట్టు ఎవరు నాటారన్న ప్రశ్న అలాగే ఉంది.

దీనికి పనికొచ్చే పద్ధతి జర్మనీలోని కాసెల్‌లో ఉంది. కళాకారుడు జోసెఫ్ బాయిస్ 1982లో, అక్కడ జరిగే డాక్యుమెంటా అనే కళాప్రదర్శన సందర్భంగా, ఊరి మధ్య మైదానంలో 7,000 నల్ల బసాల్ట్ రాళ్లు గుట్టగా పోయించాడు. ఒక చెట్టు నాటితే ఒక రాయి అక్కణ్నుంచి లేచి ఆ చెట్టు పక్కకు వెళ్తుంది. గుట్ట ఎంత మిగిలిందో ఊరంతా చూస్తుంది. 1986లో ఆయన పోయాడు, చివరి చెట్టు 1987లో నాటారు. మెచ్చుకోవాల్సింది గుట్టలోని ఆ మొహమాటం లేనితనాన్ని. బొమ్మల పనివాళ్ల సంఘం ఏదైనా దీన్ని తనకు తగ్గట్టు వాడుకోవచ్చు: కర్ర కొన్న ప్రతిసారీ, ఎన్ని చెట్ల కొమ్మలో అన్ని గులకరాళ్లు షెడ్డు ముందు పోయాలి. నాటినరోజు రాయి తీయొద్దు. నాటడం ఒక పూట పని, ఫోటోతో అయిపోతుంది. మొక్క రెండో వేసవి దాటాక తీయండి. మన ఎండలకు మొదటి వేసవిలో తడి అందకే ఎక్కువ మొక్కలు పోతాయి. మొక్క పక్కన అడుగున చిల్లి పెట్టిన కుండ పాతి, చిల్లిలో వత్తి దోపి, వారానికి రెండుసార్లు నింపితే ఒక మనిషి యాభై మొక్కలు చూసుకోగలడు. ఆ మనిషి జీతం ఎవరిస్తారన్నది కూడా కాగితం మీద ఉండాలి.

మూడో గంటకు కాగితం నిండి ఉంటుంది. అప్పుడు కొత్త ఆలోచనలు అడగొద్దు. ఎర్ర సున్నాల్లోంచి మూడే ఎంచండి. ఒక్కోదానికి మనిషి పేరు, తేదీ, రూపాయలు రాయండి. డబ్బు దగ్గర తప్పకుండా గొడవ వస్తుంది, రావాలి కూడా. ధరలో నీళ్లు బాగుచేసిన ఖర్చు, ఉతికిన కూలీ విడిగా చూపిస్తే కొనేవాళ్లు బేరమాడతారని కొందరు భయపడతారు. నా అభిప్రాయం, చూపించాలి. చీర ధరలో ఉతికే కూలీ కలిపేసి ఉంటే బేరంలో ముందు కోతపడేది అదే. విడిగా రాసి ఉన్నప్పుడు కొనే మనిషి ఆ మనిషి కూలీని కొట్టేయమని నోరు తెరిచి అడగాల్సి వస్తుంది, అడిగేవాళ్లు తక్కువ. దుకాణాల ద్వారా అమ్మేవాళ్లకు ఇది కుదరకపోవచ్చు, ధర చీటీ దుకాణంవాళ్లది కనుక. వాళ్లు కనీసం దుకాణానికి ఇచ్చే బిల్లులో రెండు వరసలు విడిగా వేయవచ్చు. తర్వాతి కూడిక ఆరు వారాల్లోపు పెట్టుకోండి. ఖాకీ కాగితం అదే, కొత్తది పరవొద్దు.